గడ్డిబొమ్మ లేచే క్షణం

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 1903లో న్యూయార్క్ మెజెస్టిక్ థియేటర్‌లో ఆడిన ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ సంగీత నాటకం, అందులో దిష్టిబొమ్మ వేషం కట్టిన ఫ్రెడ్ స్టోన్. మంచి విషయం పట్టుకున్నావు. అంతకు ముందు ఏడాది జూన్‌లోనే అది షికాగోలో మొదలైందనీ సరిగ్గా రాశావు. కానీ ‘స్టోన్ అద్భుతంగా నాట్యం చేశాడు, జనం పగలబడి నవ్వారు’ అన్న చోట ఆగిపోయాను. ఆ మనిషి ఏం చేశాడో నాకు కనిపించలేదు.

చిన్నప్పుడు మా జొన్నచేలో దిష్టిబొమ్మని దించడానికి వెళ్లాను. కర్ర లాగేయగానే ముందు తల వాలింది. తర్వాత భుజాలు జారాయి. నడుం దగ్గర మడతపడి మొత్తం నా చేతుల మీదికొచ్చింది, చొక్కాలోంచి గడ్డి రాలుతూ. బరువే లేదు. ఎముకలున్న మనిషి స్టేజీ మీద అలా వాలాలంటే ఒంట్లో ఎంత పట్టుండాలి! ఇంట్లో పరుపు వేసుకుని నువ్వే ఒకసారి పడి చూడు. చేతులు వాటంతటవే ముందుకొచ్చి నిన్ను కాపాడతాయి. స్టోన్ ఆపుకున్నది ఆ చేతుల్నే. చిన్న వయసులోనే సర్కస్‌లో తీగ మీద నడిచిన ఒళ్లు అది.

ఇంకోటి. బొమ్మకి ప్రాణం రాకముందు అతను కదలకుండా ఉండాలి. మాట్లాడ్డానికి తోడు కావాలని కథలోని అమ్మాయి డొరొతీ కోరుకున్నాకే ప్రాణం వస్తుంది. నువ్వు గంతుల దగ్గర మొదలుపెట్టావు. ఆ నిశ్చలం లేకపోతే మొదటి కదలికకి విలువేముంది?

రేకు మనిషిగా వేసిన డేవిడ్ మాంట్‌గోమరీని ఒక్క ముక్కతో సరిపెట్టావు, అది అన్యాయం. స్టోన్, అతనూ అంతకు ముందే వాడెవిల్ స్టేజీల మీద, అంటే పాటలు, ఆటలు, హాస్యం కలిపిన వినోద ప్రదర్శనల్లో, జంటగా ఆడినవాళ్లు. ఒకడు బిగుసుకుపోయిన రేకు, ఇంకొకడు నిలవలేని గడ్డి. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి రాయి, ఒకరి వల్ల ఇంకొకరు కనిపిస్తారు.

ఇదే కథతో వచ్చిన 1939 సినిమా గురించి రాసిన రెండు పేజీలూ తీసెయ్. అందులో దిష్టిబొమ్మ వేసిన రే బోల్జర్ కుర్రతనంలో స్టోన్‌ని స్టేజీ మీద చూసి ముగ్ధుడైనవాడే. ఆ ఒక్క వాక్యం ఉంచు, చాలు.

టెన్షన్ పడకు, తొందరేం లేదు. ఈసారి మొదటి పేరాలో ఆ బొమ్మ కర్ర మీద నుంచి దిగాలి. నవ్విన జనం ఇంకా లోపలికి రాకూడదు.

మీ అన్నయ్య