ముందు నీ నోటుబుక్కు, తర్వాత ఏఐ

చెల్లెమ్మకు,

నీ గుంటూరు మిర్చి పేజీలో ఏ రోజు ఏ పోస్టు పెట్టాలో రాసి నువ్వు పంపిన 30 రోజుల కంటెంట్ క్యాలెండర్ మొత్తం చదివాను. ఏఐతో చేయించానని నువ్వే చెప్పావు. మంచిది, అందులో దాచాల్సిందేమీ లేదు. సోమవారం స్ఫూర్తినిచ్చే మాట, మంగళవారం చిట్కా, బుధవారం తెరవెనుక కబురు, గురువారం పాత ఫొటో, శుక్రవారం 'మీరేమంటారు?' అనే ప్రశ్న. చూడ్డానికి పొందిగ్గా ఉంది. కానీ పైన నీ పేజీ పేరు కొట్టేసి రాజమండ్రి చీరల కొట్టు పేరు రాసినా, వరంగల్ జిమ్ పేరు రాసినా సరిపోతుంది. 'అన్నీ బాగానే ఉన్నాయక్కా, నేను రాసినట్టు మాత్రం లేదు' అన్నావు. నీ దగ్గరున్నదేదీ దానికి ఇవ్వలేదు కదా, అందరికీ ఇచ్చేదే నీకూ ఇచ్చింది.

అది పనిచేసే తీరే అంత. చాట్‌జీపీటీ అయినా జెమినీ అయినా, కుప్పలు తెప్పలుగా పోగేసిన రాతల్లో ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో నేర్చుకుని, ఆ లెక్క మీద వాక్యం అల్లుతుంది. 'గుంటూరు మిర్చి మీద పోస్టులు చెప్పు' అని ఒక్క ముక్క అడిగితే, ఇప్పటికే పదిమందీ అన్నదే పైకి తేలుతుంది. 'మిర్చి కేవలం పంట కాదు, ఒక భావోద్వేగం' అన్నది నీ పన్నెండో రోజు పోస్టులో మొదటి వాక్యం. మిరప చేలో పెరిగిన పిల్లవి, మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా ఆ మాట అన్నారా? పైగా ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు ముందు తెలుగు చాలా తక్కువ. అందుకే దాని తెలుగు చాలాసార్లు ఇంగ్లీషు నుంచి దింపినట్టు ఉంటుంది. మన గుంటూరు జిల్లా మాట దాని నోట్లోంచి దానంతట అది రాదు.

అందుకని వరస మార్చు. ముందు నోటుబుక్కు, తర్వాత ఏఐ.

ఓ వారం పాటు ఏ పోస్టూ ప్లాన్ చెయ్యకు. చూసింది, విన్నది రాసుకో. బస్సులో నిలబడి రాయడం కష్టమైతే ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, మెల్లగా చెప్పుకుంటూ పో. ఎవరితోనో మాట్లాడుతున్నావని అనుకుంటారు, అంతే. మొన్న నాతో ఫోన్లో మాటల మధ్య నువ్వు చెప్పినవి ఒకసారి గుర్తు తెచ్చుకో. తెచ్చిన సరుకు ఆ రోజు అమ్ముడుపోక మీ నాన్న మిర్చి యార్డులోనే టిక్కీల (మిర్చి బస్తాల) మీద పడుకున్న రాత్రి. తొడిమలు తీసే ఆడవాళ్లు చేతుల మంటకు తట్టుకోలేక అన్నం తినడానికి చెంచాలు తెచ్చుకోవడం. కల్లంలో తాలు కాయలు (రంగు పోయినవి) ఏరుతూ మీ నాయనమ్మ అన్న మాట: 'ఎర్రది అప్పులోళ్లకి, తాలు మన పచ్చడికి.' ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఇవేవీ నీ క్యాలెండర్‌లో లేవు. ఎందుకు లేవు? నీకు ఇవి రోజూ చూసే సంగతులు కాబట్టి రాయదగ్గవిగా అనిపించలేదు. కొత్తగా రాసేవాళ్లందరికీ ఇలాగే ఉంటుంది. తమ ఇంటిది చిన్నదిగా, బయటిది గొప్పదిగా కనపడుతుంది.

ఆ నోట్సు పోగయ్యాక ఏఐ దగ్గరికి వెళ్లు. ఇలా అడుగు: 'ఇవి నా నోట్సు. ఒకే విషయానికి చెందినవి ఒకచోట పెట్టు. కొత్త సంగతులు చేర్చకు. నా మాటలు మార్చకు. ఎక్కడ వివరం చాలలేదో నన్ను ప్రశ్నలు అడుగు.' ఆ చివరి వాక్యం మర్చిపోకు. నా అనుభవంలో ఏఐ నాకు బాగా ఉపయోగపడేది అక్కడే. తొడిమల సంగతి దానికిస్తే, కూలి రోజుకా కిలోకా, ఎన్ని గంటలు కూర్చుంటారు, ఇంటికెళ్లాక ఆ చేతులతో పసిపిల్లల్ని ఎలా ఎత్తుకుంటారు అని అడగవచ్చు. వాటికి జవాబులు నీకు తెలియకపోతే మళ్లీ వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని అడుగు. నేను వారపత్రికలకు రాసే రోజుల్లో ఈ పని సబ్ ఎడిటర్లు చేసేవారు. కాగితం అంచున 'ఎవరు? ఎప్పుడు? ఎంతకి?' అని రాసి తిప్పి పంపేవారు. అప్పుడు ఒళ్లు మండేది. నా రాత గట్టిపడింది మాత్రం ఆ ప్రశ్నలవల్లే. ఇప్పుడు సోషల్ మీడియాలో రాసే పిల్లలకు ఆ సబ్ ఎడిటర్ లేడు. ఆ కొరత కొంత దీంతో తీర్చుకోవచ్చు.

కమీషన్ కొట్లో గుమాస్తా పద్దు రాస్తాడు, లెక్క సరిచూస్తాడు, సరుకు మాత్రం రైతుది. ఏఐని ఆ గుమాస్తా కుర్చీలో కూర్చోబెట్టు.

ఇక తేదీల సంగతి. ఫిబ్రవరి 14న 'మీ ప్రేమకు కాస్త ఘాటు' అని పోస్టు పెట్టమంది నీ క్యాలెండర్. ఫిబ్రవరి అంటే మన యార్డు సరుకుతో కిక్కిరిసే నెల. మిరపకు దాని క్యాలెండర్ దానికుంది, నువ్వు దాన్ని పట్టుకో. వానాకాలంలో నారు పోయడం, నాటాక తెగుళ్ల భయం (2021లో నల్ల తామర పురుగు తోటల్ని ఎలా తినేసిందో మీ నాన్నని అడుగు, ఆయన చెప్పేది చెప్పినట్టు రికార్డు చెయ్యి), సంక్రాంతి ముందూ వెనకా కోతలు, కల్లాల్లో ఎర్రగా ఆరబోత, ఏప్రిల్ దాకా యార్డు రద్దీ, మే ఎండల్లో యార్డుకు సెలవులు, ధర వస్తుందేమోనని కోల్డ్ స్టోరేజీలో ఎదురుచూసే సరుకు. ఈ వరస నువ్వు రాసిచ్చి, ఏ నెలలో ఏ నోటు వాడుకోవచ్చో అప్పుడు సర్దమను. పండగ తేదీలు పంచాంగంలో చూసుకో. ఉగాది 2025లో మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19న. ఇలాంటి చోట ఏఐ తడబడుతుంది, తడబడినా గొంతులో ఆ తేడా తెలియనివ్వదు.

వారంలో ఐదు పోస్టులు అనుకుంటే మూడింటికే ప్లాన్ వెయ్యి. మిగతా రెండు ఖాళీగా ఉంచు, ఆ వారం ఎదురైనదాని కోసం.

షెడ్యూల్ చేసిన ప్రతి పోస్టునూ అది వెళ్లే రోజు పొద్దున మళ్లీ చూడాలి. దీన్ని మాత్రం గట్టిగా పెట్టుకో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ నీళ్లలో మునిగింది. జనం డాబాల మీదికెక్కి మంచినీళ్ల కోసం చేతులు చాచారు. పది రోజుల ముందు నువ్వు పెట్టి ఉంచిన 'వానలో వేడి వేడి మిర్చి బజ్జీ' ఆ రోజు నీ పేరుతో వెళ్లి ఉంటే? 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, ధర పడినప్పుడు రైతుల్ని ఆదుకునే మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో 'ఎర్ర బంగారం' అని మురిసిపోతూ పెట్టే రీల్, టిక్కీల పక్కన కూర్చున్న రైతు ఫోన్లో ఎలా కనపడుతుందో ఆలోచించు. ఆ ఆలోచన ఏఐ చెయ్యదు. అది చెయ్యాల్సింది నువ్వే.

ధరల విషయం వచ్చింది కాబట్టి ఇంకో మాట. 'తేజ ఇవాళ ఎంత పలికింది?' అని, తేజ రకం మిర్చి ధర గురించి నీ పోస్టుల కింద అడుగుతున్నారని చూశాను. ఆ జవాబు ఏఐ చేత ఎప్పుడూ రాయించకు. యార్డు ప్రకటించిన ధర ఉంటే తేదీతో చెప్పు, లేకపోతే తెలియదని చెప్పు. నీ మాట నమ్మి ఎవరో లారీ ఎక్కించవచ్చు, ఎవరో ఆపేయవచ్చు. మిగతా జవాబులు కూడా నువ్వే రాయి. రెండు ముక్కలైనా, అక్షరం తప్పినా పర్లేదు.

పర్సనల్‌గా ఉండాలంటే ఇంట్లో సంగతులన్నీ చెప్పాలా అని టెన్షన్ పడుతున్నావు. అక్కర్లేదు. మీ నాన్న అప్పు ఎంతో లోకానికి తెలియాల్సిన పని లేదు. ఆయన టిక్కీల మీద పడుకున్న రాత్రి గురించి రాసేముందు కూడా ఆయనకు చదివి వినిపించు, వద్దంటే ఆపెయ్యి. తొడిమలు తీసే వాళ్ల ఫొటో అయినా అంతే, అడిగి తియ్యి. ఏఐకి నోట్సు ఇచ్చేటప్పుడు ఎవరి పేర్లూ, ఫోన్ నంబర్లూ ఉంచకు. వాళ్లు తమ కష్టం నీకు చెప్పుకున్నారు, ఆ యాప్‌కు చెప్పుకోలేదు. చదివేవాళ్లు నీ దగ్గరికి వచ్చేది నువ్వు దేన్ని చూసి ఆగావో తెలుసుకోవడానికి. చెంచా చూసి ఆగావు చూడు, అక్కడ నువ్వు పూర్తిగా ఉన్నావు. మీ ఇంటి విషయం ఒక్కటీ చెప్పకుండానే.

పోస్టు మాత్రం నువ్వే రాయి. మొదటి వాక్యం నుంచి చివరిదాకా. రాశాక గట్టిగా చదువు. మీ నాయనమ్మకు అర్థంకాని మాట ఉంటే తీసెయ్యి. అక్షర దోషాలు చూడమని ఏఐకి ఇవ్వవచ్చు, కానీ 'ఇంకా బాగా రాయి' అని మాత్రం అడక్కు. బాగా రాయడం పేరుతో అది ముందు తీసేసేది నీ యాసనే. ఏఐతో చేసిన మిరప తోట బొమ్మలు కూడా వద్దు. నీ ఫోన్లో మసక ఫొటో ఉన్నా అదే పెట్టు, మన రైతులు కాయను చూసి రకం చెప్పగలరు.

చివర్లో అడిగావు, ఏఐ వాడుతున్నానని చదివేవాళ్లకు చెప్పాలా అని. చెప్పు. పేజీ పరిచయంలో ఒక్క వాక్యం చాలు: నోట్సు సర్దుకోవడానికి ఏఐ వాడతాను, రాసేది నేనే. అది నిజమై ఉండేలా చూసుకో. ఈసారి నాకు క్యాలెండర్ పంపకు, వారం నోట్సు పంపు, కొట్టివేతలతో సహా.

నీ అక్క,
బ్రాడీపేట, గుంటూరు