చిన్న లక్ష్యానికి ఎన్ని రెట్ల స్కోప్ కావాలి?

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాము. పశువులు పెంచే ఒక మిత్రుని పచ్చిక భూముల్లో, బొరియలు తవ్వి బతికే ఉడుత జాతి చిన్న జంతువులైన ప్రెయిరీ డాగ్‌ల బెడద ఎక్కువగా ఉంది. ఆయన అనుమతితో వేటకు వెళ్లడానికి .223 రెమింగ్టన్ రైఫిల్ కొన్నాను. లక్ష్యాలు 100 నుంచి 300 గజాల దూరంలో ఉంటాయి. సందెవేళ కయోటీలు (తోడేలును పోలిన చిన్న అడవి జంతువులు) కూడా వస్తాయట. దుకాణంవారు 8–32 రెట్ల స్కోప్ తీసుకోమంటున్నారు. జింకల వేటకు వెళ్లే మరో మిత్రుడు 3–9 చాలునంటున్నారు. ఎవరి మాట వినాలో చెప్పగలరా?

జవాబు: మీరు రాసిన దూరాలకు ఆ రెండూ సరిగా నప్పవు. 4–16 రెట్ల స్కోప్‌ను, అందులోనూ పారలాక్స్ (కన్ను జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించే దోషం) సరిచేసుకునే వీలున్న దానిని ఎంచుకోమని నా సలహా.

వెనుక కాళ్లపై నిలబడిన ప్రెయిరీ డాగ్ వెడల్పు మూడు నాలుగు అంగుళాలు మాత్రమే. 300 గజాల దూరంలో మూడు అంగుళాలంటే దాదాపు 1 ఎంఓఏ, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 9 రెట్ల దగ్గర ఆ జంతువు కనిపిస్తుంది గాని, గురి దాని ఒంటి మీద ఎక్కడ నిలిచిందో తేల్చుకోవడం కష్టం. పైగా జింకల వేటకు ఉద్దేశించిన స్కోపుల్లో, మసక వెలుతురులోనూ ఆనాలని, అడ్డగీతలను సాధారణంగా లావుగా పెడతారు.

ఇక 32 రెట్ల సంగతి. ఎండ ముదిరాక నేల నుంచి లేచే వేడిగాలి వల్ల దూరపు వస్తువులు అలలాడుతూ కనిపిస్తాయి. రెట్లు పెంచిన కొద్దీ ఆ అలలు కూడా పెద్దవవుతాయి కనుక, ఎంత ఖరీదైన స్కోప్ ఉన్నా మధ్యాహ్నానికి 12, 14 రెట్లకు దించుకోక తప్పదు. 24 రెట్ల దగ్గరే 100 గజాల దూరంలో నాలుగైదు అడుగుల మేర మాత్రమే కనిపిస్తుంది. అంత ఇరుకు దృశ్యంలో తూటా ఎక్కడ పడిందో చూసుకోవడం, పరుగున వస్తున్న కయోటీని పట్టుకోవడం రెండూ కష్టమే. వెలుతురు విషయంలోనూ ఇదే లెక్క: ముందు లెన్స్ వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. 50 మి.మీ. లెన్స్ 32 రెట్ల దగ్గర 1.6 మి.మీ. కూడా ఇవ్వదు, 44 మి.మీ. లెన్స్‌ను 8 రెట్లకు దించితే 5.5 మి.మీ. ఇస్తుంది, సందెవేళకు అది చక్కగా సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనదిగా నేను భావించేది పారలాక్స్. లక్ష్యపు ప్రతిబింబం, అడ్డగీతలు ఒకే తలంలో లేనప్పుడు, కన్ను కాస్త పక్కకు జరిగితే గీత కూడా లక్ష్యం మీద జరుగుతుంది. సర్దుబాటు లేని స్కోపులను సాధారణంగా 100 లేదా 150 గజాలకు కుదిర్చి అమ్ముతారు. జింక వంటి పెద్ద లక్ష్యానికి ఆ తేడా లెక్కలోకి రాదు గాని, మూడంగుళాల లక్ష్యానికి అదే గురి తప్పిస్తుంది. ఖాళీ రైఫిల్‌ను ఇసుక సంచులపై కదలకుండా నిలిపి, చెంప ఆనించకుండా స్కోప్‌లోకి చూస్తూ తలను కొద్దిగా పైకీ కిందికీ కదపండి. గీత లక్ష్యం మీద తేలుతుంటే, అది నిలకడగా ఉండేదాకా పక్కనున్న నాబ్‌ను తిప్పండి. నాబ్ మీది గజాల అంకెలను కాక, మీ కంటికి కనిపించినదాన్నే నమ్మండి.

అడ్డగీతలు సన్ననివి కావాలి. మొదటి ఫోకల్ తలంలో గీతలున్న స్కోపుల్లో రెట్లతోపాటు గీత కూడా లావెక్కి చిన్న జంతువును కప్పేసే అవకాశం ఉంది. అందుకే నేను, రెట్లు మారినా గీత లావు మారని రెండవ ఫోకల్ తలం వైపే మొగ్గుతాను. అయితే అందులో, తూటా దిగే మేరను చూపే దిగువ గుర్తుల కొలతలు ఒక్క నిర్ణీత రెట్ల దగ్గరే, చాలావరకు గరిష్ఠం దగ్గరే, సరిపోతాయని గుర్తుంచుకోండి. గురి సర్దే నాబ్ ఒక్కో క్లిక్కుకు పావు ఎంఓఏ జరిగితే చాలు, 300 గజాల దగ్గర అది ముప్పావు అంగుళం. 55 గ్రెయిన్ల (తూటా బరువును కొలిచే ప్రమాణం) తూటాకు 200 గజాల దగ్గర గురి కుదిర్చితే, 300 గజాల దగ్గర అది ఆరంగుళాలకు పైగా దిగుతుంది. గంటకు 10 మైళ్ల అడ్డగాలి అక్కడ దాన్ని దాదాపు పది పన్నెండు అంగుళాలు పక్కకు నెడుతుంది. కాబట్టి అడ్డంగా కూడా కొలత గుర్తులున్న స్కోప్ మీకు బాగా ఉపయోగపడుతుంది.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ప్రెయిరీ డాగ్‌ల బొరియల దగ్గరే నేలగుడ్లగూబలు కూడా నివసిస్తాయి. అవి బొరియ అంచున నిటారుగా నిలబడినప్పుడు, వేడిగాలి అలల్లో, ప్రెయిరీ డాగ్‌లాగే కనిపించవచ్చు. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం కింద వాటికి రక్షణ ఉంది. జంతువును గుర్తుపట్టే పనికి బైనాక్యులర్స్ వాడండి. అది ఏమిటో తేలకముందు రైఫిల్‌ను దాని వైపు తిప్పకూడదు.

ప్రశ్న: 30 మి.మీ. గొట్టమున్న స్కోప్‌లో, అంగుళం గొట్టం కంటే ఎక్కువ వెలుతురు వస్తుందా?

జవాబు: రాదు. వెలుతురు ముందు లెన్స్ వ్యాసం మీద, గాజు నాణ్యత మీద, దాని పూత మీద ఆధారపడుతుంది. లావు గొట్టంలో సాధారణంగా గురిని పైకీ కిందికీ జరుపుకునే అవకాశం ఎక్కువగా ఉంటుంది. 300 గజాల లోపు వేటకు అంగుళం గొట్టం సరిపోతుంది. మిగిలిన డబ్బును మంచి గాజుకు పెట్టండి.