బోర్డుల్లో బంగారం ఉంది, కానీ యాసిడ్ జోలికి పోవద్దు

ప్రశ్న: దేవరకొండలో మాకు స్క్రాప్ దుకాణం ఉంది. ఈమధ్య పాత టీవీలు, మిక్సీలు, ఫోన్లు బాగా వస్తున్నాయి. వాటి లోపలి సర్క్యూట్ బోర్డులు యాసిడ్‌లో వేస్తే బంగారం వస్తుందని ఒకాయన చెప్తున్నాడు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. తనను ఈ లైన్‌లోనే చదివిద్దామనుకుంటే, "తుక్కు పనికి ఆడపిల్లా?" అని ఇంట్లో ఒకటే గొడవ. ఏం చదివించాలి?

జవాబు: ముందు యాసిడ్ సంగతి తేల్చుకుందాం. వద్దండి. బంగారాన్ని కరిగించేది నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ల మిశ్రమం. ఆ పొగ ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. పని అయ్యాక మిగిలే నీళ్లను ఎక్కడ పోస్తారు? ఫ్లోరైడ్ నీళ్లతో ఒక తరం నడుములు వంగిన జిల్లా మనది, నీళ్ల గురించి మీకు నేను చెప్పాలా! పైగా 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ చేసేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ కావాలి. రాగి కోసం వైర్లు కాలుస్తుంటే అదీ ఈరోజే ఆపేయండి.

అయితే ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదు. గనిలో టన్ను రాయికి కొన్ని గ్రాముల బంగారం దొరికితేనే గొప్ప, ఫోన్ బోర్డుల్లో టన్నుకు వంద గ్రాములు దాటుతుంది. రాగి అయితే చాలా బోర్డుల బరువులో ఐదో వంతు దాకా ఉంటుంది. మీ దుకాణానికి లాభమంతా ఏరడంలోనే ఉంది. ఫోన్ బోర్డు, టీవీ బోర్డు ఒకే బస్తాలో వేస్తే తక్కువ రేటే కడతారు. ప్లాస్టిక్ కూడా అంతే. పాత టీవీ వెనక డబ్బాలో మంట అంటుకోకుండా బ్రోమిన్ మందు కలిపి ఉండొచ్చు, దాన్ని బకెట్ల ప్లాస్టిక్‌లో కలపకూడదు.

ఇక చదువు. నా ఓటు మెటలర్జీకే, అంటే లోహాలను తీసి శుద్ధి చేయడం నేర్పే ఇంజినీరింగ్‌కే. మన దగ్గర అందరూ కంప్యూటర్ సైన్స్ వెంట పడి ఈ బ్రాంచిని పట్టించుకోరు, నాకైతే అదే మంచి అవకాశంలా కనిపిస్తోంది. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వస్తే వరంగల్ ఎన్‌ఐటీ, ఈఏపీసెట్‌లో అయితే హైదరాబాద్ జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీ. కెమికల్ ఇంజినీరింగ్ కూడా సరిపోతుంది, ఎందుకంటే లోహాన్ని ద్రావణంలోకి దింపి మళ్లీ బయటికి తీయడం ఆ చదువు పనే. ప్లాస్టిక్ వైపు ఇష్టముంటే హైదరాబాద్ చర్లపల్లిలో ప్లాస్టిక్ చదువులు చెప్పే సీపెట్ ఉంది. బోర్డుల నుంచి లోహాలు తీయడం మీద పరిశోధన చేసే సీ-మెట్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది.

ఉద్యోగమంటే మరీ దూరం పోవాలన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. మహబూబ్‌నగర్ పక్కనే దివిటిపల్లిలో బ్యాటరీ పరిశ్రమలు వస్తున్నాయి. బ్యాటరీలు పాతబడ్డాక వాటిలోని లిథియం, నికెల్, కోబాల్ట్ తీసేవాళ్లు కావాలి కదా. ఆ పని ల్యాబులో, ప్లాంటులో కోటు వేసుకుని చేసేది. ఇంట్లో వాళ్లకు ఆ మాట చెప్పండి.

పరీక్షలయ్యాక ఎండాకాలం సెలవుల్లో అమ్మాయికి గ్లవ్స్, మాస్క్ ఇచ్చి దుకాణంలో కూర్చోబెట్టండి. యాసిడ్, మంట, పాత టీవీ పిక్చర్ ట్యూబులు మాత్రం తన దగ్గరికి రానివ్వద్దు, ఆ గాజులో సీసం ఉంటుంది. ఏ బోర్డు ఎంత బరువు, ఏ రేటుకు పోయింది అని నెల రోజులు నోటు పుస్తకంలో రాయమనండి. ఇష్టముందో లేదో తనే చెప్తుంది.