ముత్తాత చేసిన హత్య గురించి పిల్లలకు చెప్పాలా?

"మా ముత్తాత ఆస్తి తగాదాలో సొంత తమ్ముణ్ణి చంపారని ఈమధ్యే తెలిసింది. ఆ శాపం మాకూ తగులుతుందా? పిల్లలకు చెప్పాలా?" అని మీరు అడిగారు. పిల్లలకు చెప్పండి. పాలకొండ వైపు మా ఇంట్లోనూ ఇలాంటిదే జరిగింది, అందుకే రాస్తున్నాను.

చెరువు నీటి వంతు దగ్గర మాటా మాటా పెరిగి మా ముత్తాత తన తమ్ముణ్ణి పారతో కొట్టి చంపేశారు. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడిన కొత్తలో సంగతి. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కాబట్టి అప్పీలు మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. ఆ ఖర్చులకు పల్లపు భూమి అమ్మేశారు. శిక్ష తగ్గలేదు, ఆయన రాజమండ్రి జైలుకు వెళ్లారు. తాతయ్య చదువు మానేసి ఖరగ్‌పూర్ రైల్వేలో పనికి పోయారు. "ఖూనీ చేసినోళ్లింటి పిల్ల" అని ఆయన చెల్లెళ్లకు దగ్గర ఊళ్లలో సంబంధాలు రాలేదు. ఊళ్లో దీన్నే శాపం అన్నారు. నాకైతే ఇందులో అప్పు, పోయిన భూమి, జనం మాటలు తప్ప ఇంకేమీ కనబడదు.

చనిపోయినాయన ఇంటి కష్టం మాకన్నా చాలా పెద్దది. ఆయన భార్య చంటిబిడ్డతో పుట్టింటికి వెళ్లిపోతే, వాళ్ల వాటా పొలాన్ని మావాళ్లే ఏళ్ల తరబడి దున్నుకున్నారు. హత్య సంగతి గుసగుసగానైనా వినబడేది గానీ పొలం సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. "ఆ ఊరు కాసి (వైపు) ఎల్లకండర్రా" అని ఆవిడ పుట్టింటి ఊరి గురించి మామ్మ ఎందుకు అనేదో పాత అడంగల్ (ఊరి భూముల లెక్కల పుస్తకం) చూశాకే నాకు అర్థమైంది.

మీదీ ఆస్తి తగాదాయే అంటున్నారు కాబట్టి ముందు ఆ వాటా ఎవరి పేరున ఉందో చూడండి. 1956 హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ ప్రకారం చంపినవాడికి చనిపోయినవాడి ఆస్తిలో వారసత్వం రాదు. 1924లోనే ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు లండన్‌లో ఉన్న ఆఖరి కోర్టు) కూడా అలాగే తీర్పిచ్చింది. కాగితాలు లాయరుకు చూపించండి.

నాన్న, నేను ఆ చంటిబిడ్డ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఇప్పుడు ముసలావిడ. "మా అమ్మ బతికుండగా ఒక్కరూ రాలేదు బావూ" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఆ పొలం ఇప్పుడు ఆవిడ కొడుకుల పేరున రిజిస్టరైంది. దీనికి మా బంధువుల్లో కొందరు మాతో మాట్లాడటం మానేశారు, ఇప్పటికీ మాట్లాడరు.

పిల్లలకు కాస్త ఊహ తెలిశాక చెప్పండి. చంపినాయన పేరే కాదు, చనిపోయినాయన పేరూ చెప్పండి. మా ఇంట్లో ఆ పేరు ఎవరికీ గుర్తులేదు, అడంగల్‌లోనే చూశాం.