గుండె వాల్వ్‌లో తేడా ఉందన్నారు, అమెరికాలో పైలట్ లైసెన్స్ ఆశ వదులుకోవాలా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇది: వయసు 38, డాలస్‌లో ఉద్యోగం, సరదాగా సెస్నా (చిన్న విమానం) నేర్చుకుందామని మొదలుపెట్టబోతుంటే ఎకోలో (గుండె స్కాన్‌లో) బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్, కొద్దిగా లీకు అని తేలింది. ఫ్లయింగ్ స్కూల్‌కి కట్టే డబ్బు బూడిదలో పోసినట్టేనా అని మీ ప్రశ్న. పైగా హైదరాబాద్‌లో ఉన్న మీ అక్కయ్యగారి అబ్బాయి కూడా పైలట్ అవుతానంటున్నాడు.

ఆశ వదులుకోనక్కర్లేదు. నాదీ అదే వాల్వ్. మూడు రెక్కలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. మీకు లీకు, నాకు ద్వారం సన్నబడటం. ఆపరేషన్ దాకా వెళ్లింది. ఇప్పుడు టిష్యూ (జంతు కణజాలంతో చేసిన) వాల్వ్‌తో స్కైహాక్ అనే చిన్న సెస్నా విమానం నడుపుతున్నాను. నేను డాక్టర్ని కాదు, ఈ దారిలో నడిచినవాణ్ణి, అంతే.

అన్నిటికన్నా ముందు, తొందరపడి ఏఎంఈ (పైలట్లను పరీక్షించే అధీకృత డాక్టర్) దగ్గర మెడికల్ పరీక్షకు కూర్చోకండి. మెడ్‌ఎక్స్‌ప్రెస్ అనే ఆన్‌లైన్ సైట్‌లో ఫారం నింపినంత మాత్రాన ఏమీ కాదు. ఆ కన్ఫర్మేషన్ నంబర్‌తో ఏఎంఈ దాన్ని తెరిచాడంటే అది ఎఫ్‌ఏఏకి (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థకి) అధికారిక దరఖాస్తు. ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. సర్టిఫికెట్ ఇస్తారు, లేదా నిర్ణయం కోసం ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ ఆఫీసుకి పంపుతారు, లేదా తిరస్కరిస్తారు. తిరస్కరిస్తే బాధ ఒక్క సర్టిఫికెట్‌తో పోదు. మెడికల్ బదులు డ్రైవింగ్ లైసెన్స్‌తో నడిపే స్పోర్ట్ పైలట్ దారీ మూసుకుపోతుంది, మామూలు డాక్టర్ చెకప్‌తో నడిపే బేసిక్‌మెడ్ దారీ మూసుకుపోతుంది. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే 'ఇది సలహా కోసమే, పరీక్ష కాదు' అని స్పష్టంగా చెప్పండి. చాలామంది ఏఎంఈలు ఒప్పుకుంటారు. మీ రిపోర్టులు చూసి ఇంకా ఏమేం కావాలో చెబుతారు.

'చెప్పకపోతే ఎవడికి తెలుస్తుంది' అనే మహానుభావులు ప్రతి ఎయిర్‌పోర్టులోనూ ఉంటారు. వినకండి. ఫారంలో గుండె గురించి సూటిగా అడుగుతారు, గత మూడేళ్లలో ఏ డాక్టర్లను కలిశారో అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది ఫెడరల్ నేరం. వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లకు అది ఇంకెంత తలనొప్పో చెప్పక్కర్లేదు.

ఎఫ్‌ఏఏ చూసేది జబ్బు పేరు కాదు, గాల్లో ఉండగా మీరు ఉన్నట్టుండి పడిపోయే అవకాశం ఎంత అన్నది. కొద్దిపాటి లీకు చాలామందిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. సన్నబడటం అలా కాదు, ముదిరితే శ్రమ పడినప్పుడు కళ్లు తిరిగి పడిపోవచ్చు. మామూలు అయోర్టిక్ వాల్వ్ ద్వారం 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు. అది 1 కన్నా తగ్గినా, సగటు ప్రెషర్ గ్రేడియెంట్ (వాల్వ్‌కి అటూ ఇటూ ఒత్తిడిలో తేడా) 40 mmHgకి చేరినా తీవ్రమైనదిగా లెక్క. మీ ఎకో రిపోర్టులో చివరి లైను చదివి వదిలేయకండి, ఈ అంకెలు చూడండి. అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) వెడల్పు కూడా చూడండి. ఈ వాల్వ్ ఉన్నవాళ్లలో అది ఉబ్బే అవకాశం ఎక్కువ, వాల్వ్ బాగున్నా సరే.

నాకు తేడా తెలిసింది గాల్లో కాదు, నేల మీద. టో బార్ (ముందు చక్రానికి తగిలించే కడ్డీ) పట్టుకుని విమానాన్ని హ్యాంగర్‌లోకి వెనక్కి నెడుతున్నాను. ఎప్పుడూ చేసే పనే. ఆ రోజు తలుపు దగ్గరి చిన్న ఎత్తు మీద ఆగిపోయాను, రెక్క మీద చెయ్యి ఆనించి నిలబడితేగానీ ఊపిరి అందలేదు. జేబులో మెడికల్ చెల్లుబాటులోనే ఉంది. అయినా ఎఫ్‌ఏఏ రూల్ 61.53 ప్రకారం, ఒంట్లో బాగోలేదని తెలిశాక ఆ కాగితం పనికిరాదు. ఆ రోజు నుంచి సర్జరీ అయ్యి అనుమతి వచ్చేదాకా విమానం ముట్టుకోలేదు. మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా 'ఆ విమానాల గోల ఇంక వదిలెయ్యరా' అనేది.

వాల్వ్ ఎంచుకునేటప్పుడు ఎంత మథనపడ్డానో. మెకానికల్ అయితే దశాబ్దాలు మన్నుతుంది, కానీ జీవితాంతం వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) వేసుకోవాలి. టిష్యూ అయితే ఆ బాధ లేదు, కానీ పది పదిహేనేళ్లకు మళ్లీ మార్చాల్సి రావచ్చు. యాభై లోపు వాళ్లకు సాధారణంగా మెకానికల్ వైపే మొగ్గుతారు. నాకు యాభై దాటాయి, టిష్యూ అన్నాను. మా ఎయిర్‌పోర్టులోనే మెకానికల్ వాల్వ్‌తో నడిపే స్నేహితుడున్నాడు. నెలనెలా తీసిన ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత సేపట్లో గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) రీడింగులు అతను ఎఫ్‌ఏఏకి చూపించాలి. పాలకూర, తోటకూర మానక్కర్లేదట, కానీ ఒక వారం రోజూ తిని మరుసటి వారం అసలు ముట్టకపోతే రీడింగు ఊగిపోతుంది. ఇంజిన్ ఆపి కాక్‌పిట్‌లో పక్కన కూర్చుంటే అతని వాల్వ్ టిక్‌టిక్ నాకూ వినబడుతుంది.

వాల్వ్ మార్పిడి ఎఫ్‌ఏఏ అనర్హతల జాబితాలో ఉంది, కాబట్టి స్పెషల్ ఇష్యూయన్స్ (అనర్హత ఉన్నా రిపోర్టులు చూసి ఇచ్చే ప్రత్యేక అనుమతి) తప్పదు. ఆపరేషన్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, ఎకో, 24 గంటల హోల్టర్ (గుండె లయ రికార్డు), ట్రెడ్‌మిల్ అన్నీ కలిపి ఒకే కట్టగా పంపాను. ట్రెడ్‌మిల్ మీద మూడేసి నిమిషాలకు వేగమూ వాలూ పెరుగుతుంటాయి. ముందే నడక అలవాటు చేసుకోండి. కార్డియాలజిస్టు 'బాగానే ఉన్నాడు' అని రెండు ముక్కలు రాస్తే చాలదు, లక్షణాలు, మందులు, గుండె పంపింగ్ శాతం, గ్రేడియెంట్ అన్నీ ఉత్తరంలో ఉండాలి.

ఒకసారి ఆ అనుమతి చేతికొచ్చాక నేను బేసిక్‌మెడ్‌కి మారిపోయాను. 48 నెలలకోసారి మామూలు డాక్టర్ దగ్గర చెకప్, 24 నెలలకోసారి ఆన్‌లైన్ కోర్సు, అంతే. 2024 చట్టంతో 12,500 పౌండ్ల విమానం, ఆరుగురు ప్రయాణికుల దాకా పరిమితి పెరిగింది, నా అవసరానికి అది చాలా ఎక్కువ. కానీ మీలాంటి కొత్తవాళ్లకు ఒక మెలిక ఉంది. బేసిక్‌మెడ్ కావాలంటే 2006 జూలై 14 తర్వాత ఒక్కసారైనా ఎఫ్‌ఏఏ మెడికల్ పొంది ఉండాలి. కాబట్టి మీకు థర్డ్ క్లాస్ మెడికల్ (సరదాగా నడిపేవాళ్లకు సరిపోయేది) ఒక్కసారైనా అవసరం, లేదా స్పోర్ట్ పైలట్‌తో మొదలుపెట్టాలి. గ్లైడర్లకైతే మెడికల్ సర్టిఫికెటే అడగరు.

ఇక మీ మేనల్లుడి సంగతి. ఇండియాలో కమర్షియల్ పైలట్‌కి డీజీసీఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) క్లాస్ 1 మెడికల్ కావాలి, మన ఎఫ్‌ఏఏ అనుభవం అక్కడ చెల్లదు. ఈ వాల్వ్ కుటుంబాల్లో రావచ్చు కాబట్టి మీ అక్కయ్యగారిని ఎకో చేయించుకోమనండి, ఆవిడకు ఉందని తేలితే అబ్బాయికీ చేయించాలి. క్లాస్ 1 చేతికొచ్చేదాకా ఏ అకాడమీకీ లక్షలు కట్టొద్దని చెప్పండి.