ఆపరేషన్ తర్వాత వార్డులో సరిగ్గా చూసుకోకపోతే ఏం చేయాలి?

నాన్నగారికి తుంటి ఆపరేషన్ అయ్యాక నడుము కింద పుండు పడిందని, వార్డులో ఎవరూ పట్టించుకోవడం లేదని రాశారు. గట్టిగా అడిగితే ఇప్పుడు చూస్తున్న ఆ కాస్తా చూడరేమోనని భయంగా ఉందన్నారు. ఆ భయం నాకు బాగా తెలుసు. మా మేనత్త విషయంలో మేమూ అదే పడ్డాం.

అత్తది తెనాలి దగ్గర పల్లెటూరు. డెబ్బై దాటిన మనిషి, షుగర్ ఉంది. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. సర్జన్ పనికి వంక పెట్టలేను. ఎక్స్‌రేలో తుంటి కీలుకి పెట్టిన కృత్రిమ బంతి చక్కగా కూర్చుంది. అసలు సమస్య వార్డుకి వచ్చాక మొదలైంది. రాత్రిపూట వార్డు మొత్తానికి ఒకే సిస్టర్. ఇంజెక్షన్లు, సెలైన్ సీసాల వెనకే ఆ అమ్మాయి పరుగులు. అత్తను పక్కకి తిప్పే మనిషి లేదు. మేం తిప్పబోతే 'కీలు జారుతుంది, ముట్టుకోకండి' అన్నారు. అలా ఆవిడ వెల్లకిలానే పడి ఉంది. మూత్రం గొట్టం పక్కనుంచి కారి దుప్పటి తడిస్తే, ఆయమ్మ వచ్చేదాకా ఆ తడిలోనే.

రాత్రిళ్ళు మాట తడబడేది. ఎప్పుడో పోయిన మా నాయనమ్మతో మాట్లాడేది. 'పెద్ద వయసు కదండీ, మామూలే' అన్నారు. బావ పట్టుబట్టి రక్తపరీక్ష చేయిస్తే సోడియం పడిపోయిందని తేలింది. ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్ళకి అయోమయం రావడం నిజమే. కానీ దాని వెనక సోడియమో, ఇన్ఫెక్షనో, మూత్రం బిగదీయడమో, మందుల ప్రభావమో ఏదో ఒకటి తరచుగా ఉంటుంది. అది వెతకకుండా వయసు మీదికి నెట్టేస్తే ఎలా?

అలా కదలకుండా పడి ఉండడంతో అత్తకీ పుండు పడింది. అది మా అక్క కంటపడింది, బట్టలు మార్చేటప్పుడు. వెన్ను చివర నల్లగా కమిలి, మధ్యలో తోలు ఊడి ఉంది. సిస్టర్ల చార్టులో చూస్తే రెండు గంటలకోసారి పక్కకి తిప్పినట్టు వరసగా టిక్కులున్నాయి. అర్ధరాత్రి వేళవి కూడా. ఆ వేళ మంచం పక్కన కూర్చున్నది నేనే, ఎవరూ రాలేదు. మనుషులు సరిపోక చేయలేకపోయామంటే అర్థం చేసుకునేదాన్ని. చేయనిది చేసినట్టు రాయడం మాత్రం ఈ రోజుకీ నాకు మింగుడు పడలేదు.

బావ ముందు అరిచాడు. ఆ సిస్టర్ పిల్ల ఏడ్చింది, సెక్యూరిటీ వచ్చింది, అంతకుమించి ఏమీ జరగలేదు. మర్నాడు మెడికల్ సూపరింటెండెంటు పేరున తెల్ల కాగితం మీద రాసిచ్చాం. ఏ తేదీన ఏం కనిపించింది, మాకేం కావాలి, అంతే. గాలి పరుపు కావాలి, రెండు గంటలకోసారి తిప్పాలి, పుండు ఎంత వెడల్పో ఎంత లోతో కొలిచి కేస్ షీట్‌లో రాయాలి, పెద్ద డాక్టరు వచ్చి చూడాలి. సిస్టర్ల పేర్లు ఎక్కడా పెట్టలేదు. మా కాపీ మీద స్టాంపు వేయించుకున్నాం. సాయంత్రానికి గాలి పరుపు వచ్చింది. ఫిజియోథెరపిస్టు వచ్చి, కాళ్ళ మధ్య దిండు పెట్టి కీలు కదలకుండా ఎలా తిప్పాలో మాకే నేర్పాడు. పుండు చూడ్డానికి ప్లాస్టిక్ సర్జన్‌ని కూడా పిలిపించారు. మీరూ అలాగే రాసివ్వండి. స్టాంపు వేయడానికి వాళ్ళు ఒప్పుకోకపోతే మెయిల్ పెట్టండి, అదీ సాక్ష్యమే. ఆరోగ్యశ్రీ మీదో, ఎన్టీఆర్ వైద్యసేవ మీదో చేరి ఉంటే ఆ పథకం తరపున ఆసుపత్రిలో ఉండే సహాయకుడు, ఆరోగ్యమిత్రకి చెప్పండి, 104కి కూడా ఫోన్ చేయండి.

ఈలోగా మడమలు, తుంటి పక్కలు కూడా రోజూ చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే రంగు తెల్లబడకపోతే అక్కడ పుండు మొదలవుతున్నట్టే. మన ఒంటిరంగుకి ఆ ఎరుపు తెలియకపోవచ్చు. నల్లగా కమిలినట్టో, పక్క చర్మం కన్నా వేడిగానో, గట్టిగానో తగులుతుంది. అక్కడ నూనె పెట్టి రుద్దొద్దు. మధ్యలో కన్నం ఉండే గాలి ట్యూబు మీద కూర్చోబెట్టొద్దు, దాని అంచు ఒత్తిడికి రక్తం ఆడదు. ఇంకొకటి, మా ఇంట్లో దీనిమీద పెద్ద గొడవే అయింది. పప్పు తింటే చీము పడుతుందని మా పెద్దమ్మ అత్తకి పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ మాన్పించింది. పుండు పూడాలంటే కావలసిందే మాంసకృత్తులు. కిడ్నీ జబ్బు లాంటిది ఉండి డాక్టరు వద్దంటే తప్ప పెట్టండి.

కాగితాల సంగతి. కేస్ షీట్, నర్సుల చార్టు నకళ్ళు కావాలని రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలి. పుండు ఫోటోలు తేదీతో దాచండి. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రికి మాత్రం ఇది వర్తించదు. గడువు రెండేళ్ళు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఏ సిస్టర్, ఏ డ్యూటీ డాక్టరు అన్నది తేల్చలేకపోయినా ఆసుపత్రి మీదే వేయొచ్చు, 2004లో సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. మేం వేయలేదు. అత్త వద్దంది, ఆవిడ మాట కాదనలేకపోయాం. వేయాలని నా మనసులో ఇప్పటికీ ఉంది.

ఆసుపత్రి మార్చాలా వద్దా అని కూడా అడిగారు. రాసిచ్చాక కూడా ఒకట్రెండు రోజుల్లో తేడా కనిపించకపోతే మార్చేయండి. మేం మార్చాం. కొత్తచోట చచ్చిన కండ తీసి కట్లు కట్టారు. మానడానికి నెలలు పట్టింది గానీ మానింది. అయితే నాన్నగారికి చలిజ్వరం వచ్చినా, పుండు వాసన వేసినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా, మనిషి మగతగా ఉన్నా తెల్లవారి రౌండ్స్ దాకా ఆగకండి. అది రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకడం కావచ్చు, డ్యూటీ డాక్టర్ని అప్పటికప్పుడే పిలిపించండి.