చేప గుడ్లతో నీటి పరీక్ష నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది. చేప గుడ్లతో నీళ్లలో విషాన్ని కనిపెట్టే పని నేర్చుకుంటానంటోంది. బంధువులేమో బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక తండ్రి, సంగారెడ్డి

సార్, టెన్షన్ పడకండి, మీ అమ్మాయి చెప్పేది గాలిమాట కాదు. ఈ పరీక్షకు వాడే జీబ్రాఫిష్ మన దేశపు వాగుల్లో పెరిగే బుల్లి చేప. దాని గుడ్డు అద్దంలా ఉంటుంది కాబట్టి లోపల పిండం గుండె కొట్టుకోవడం కూడా మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది. ఫలదీకరణ జరిగిన కాసేపటికే గుడ్లను 24 గుంటల ప్లేటులో, గుంటకొకటి చొప్పున, పరీక్షించాల్సిన నీళ్లలో వేసి 26 డిగ్రీల దగ్గర 96 గంటలు ఉంచి, రోజూ చూస్తారు. గుడ్డు తెల్లగా గడ్డకట్టిందా, వెన్ను వెంట సోమైట్లనే ఖండాలు ఏర్పడ్డాయా, తోక పచ్చసొన నుంచి విడివడిందా, గుండె కొట్టుకుంటోందా... ఈ నాలుగింట్లో ఏది తేడా వచ్చినా ఆ పిండం చనిపోయినట్టే లెక్క. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2013లో దీన్ని 236వ నంబరు పరీక్షగా ఆమోదించింది. జర్మనీలో అయితే అంతకుముందే ఫ్యాక్టరీల వ్యర్థజలాలకు పెద్ద చేపల బదులు గుడ్లనే వాడుతున్నారు.

ఇక ఉద్యోగం సంగతి. మన వ్యర్థజలాల నిబంధనల్లో ఉన్నది చేపలతో చేసే పరీక్షే, ఆ నీళ్లలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతకాలి. కాబట్టి చేప గుడ్ల పేరుతో సర్కారు నోటిఫికేషన్ వస్తుందని కూర్చోవద్దు. పురుగుమందులు, ఔషధాలు, రసాయనాలు ఎంత విషమో తేల్చే టాక్సికాలజీ ల్యాబుల్లో అవకాశాలున్నాయి. 2011 నుంచి మన జీఎల్‌పీ (గుడ్ లేబొరేటరీ ప్రాక్టీస్ అనే నాణ్యతా ప్రమాణం) గుర్తింపు ఉన్న ల్యాబుల భద్రతా నివేదికలు ఓఈసీడీ దేశాల్లోనూ చెల్లుతాయి, అందుకే బయటి కంపెనీల పనీ ఇక్కడికి వస్తుంది. అమ్మాయి చదవాల్సింది టాక్సికాలజీ, గుడ్ల పరీక్ష అందులో ఒక పనిముట్టు మాత్రమే.

ఎమ్మెస్సీ సీటు తీసుకునే ముందు కాలేజీ పేరు కాదు, అక్కడ చేపల గది ఉందా, విద్యార్థుల్ని చెయ్యి పెట్టనిస్తారా అని అడగండి. లేకపోతే ప్రాజెక్టు కోసమైనా హైదరాబాద్‌లో సీసీఎంబీ, డాక్టర్ రెడ్డీస్ లైఫ్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్, లక్నోలో టాక్సికాలజీ పరిశోధన సంస్థ ఐఐటీఆర్ లాంటి చోట్ల ప్రయత్నించాలి. స్టాటిస్టిక్స్ మాత్రం వదలొద్దు, సగం పిండాలు ఏ మోతాదులో చనిపోతాయో లెక్కగట్టలేనివాళ్లు అసిస్టెంట్ పని దగ్గరే ఆగిపోతారు.

ఇంకో మాట, అమ్మాయినే అడగండి. ఈ చేపలు పొద్దున లైటు వెలగ్గానే గుడ్లు పెడతాయి, గురువారం మొదలుపెట్టిన పరీక్ష సోమవారం దాకా సాగుతుంది, ఆదివారమైనా వెళ్లి చూడాల్సిందే. అది తెలిసీ సరేనంటే బీఈడీ ఊసు ఇప్పుడు ఎత్తకండి, కావాలంటే ఎమ్మెస్సీ తర్వాతా చేయొచ్చు.